ఏడో గదిలో ఒకటిన్నర

మా మేనత్త జైల్లో ఆడవాళ్ళ వార్డులో ముప్పై ఒక్క ఏళ్ళు వార్డరుగా పనిచేసింది. జైలు మూతపడిన రోజే ఆవిడ ఉద్యోగమూ ముగిసింది. తర్వాత పన్నెండేళ్ళు మా ఇంట్లో, వీధివైపు గదిలో, కిమ్మనకుండా కూర్చుంది. కిమ్మనకుండా అన్నాను గానీ అది నిజం కాదు. ఆవిడ ఉన్నచోట ఎవరూ ప్రశాంతంగా అన్నం తిన్న పాపాన పోలేదు. అరవై ఎనిమిదో ఏట మళ్ళీ తాళంచెవుల గుత్తి నడుముకు తగిలించుకుని అదే జైలుకు వెళ్ళడం మొదలుపెట్టింది. ఈసారి దయ్యాల పనిమీద.

ఆ జైలు ఊరి మధ్యలోనే ఉంది. ముందు ఒక టైర్ల దుకాణం, పక్కన ఇళ్ళు, వెనక మునిసిపాలిటీ నీళ్ళ పంపు. లోపల ఏ గది పైకప్పు చూసినా పావురాలే. ఒక కంపెనీ దాన్ని అద్దెకు తీసుకుంది. నెలకు రెండు శనివారాలు టిక్కెట్టు పెట్టి, జనాన్ని రాత్రి తొమ్మిది నుంచి తెల్లారేదాకా లోపల ఉంచి దయ్యాలను వెతికిస్తుంది. వచ్చినవాళ్ళ చొక్కాలకు ఖైదీలకు మల్లే నంబరు బిళ్ళలు తగిలిస్తారు. అదొక సరదా. భవనం ప్రభుత్వానిది కాబట్టి ఒక షరతు పెట్టారు. ఆ తాళాలు తెలిసిన మనిషి రాత్రంతా లోపల ఉండాలి. నూట ఇరవై ఏళ్ళ నాటి తలుపులవి. కొన్నిటిని పైకెత్తి తిప్పాలి, కొన్నిటిని మోకాలితో నెట్టిపట్టి తిప్పాలి, ఒకదానికైతే తాళంచెవి సగం దూర్చి కాసేపు ఆగాలి. ఈ సంగతులు తెలిసిన వార్డర్లలో బతికి ఉండి, మెట్లెక్కగలిగింది మా అత్తయ్య ఒక్కతే.

నాకు దయ్యాలంటే భయం లేదు, నమ్మకమూ లేదు. డబ్బిచ్చి మరీ భయపడేవాళ్ళంటే మాత్రం విసుగు. తపాలా ఆఫీసు కౌంటరు వెనక ఇరవై ఏళ్ళుగా కూర్చుంటున్నాను. బతికున్నవాళ్ళు పీడించేది నాకు చాలు. అత్తయ్యకూ దయ్యాల గొడవ పట్టదు. కంపెనీవాళ్ళ దగ్గర ఒక చిన్న పెట్టె ఉంది. దయ్యం దగ్గరికి వస్తే దాని మీద నీలం దీపం వెలుగుతుందట. వెనక పంపు మోటారు వేసినప్పుడల్లా అది వెలుగుతోందని అత్తయ్య మొదటి వారంలోనే కనిపెట్టి, జనాన్ని తిప్పి చూపించే గైడుకు చెప్పింది. ఎప్పుడూ నల్లటోపీ పెట్టుకుని తిరుగుతాడు కాబట్టి అతన్ని మేము టోపీ అంటాం. టోపీ నీళ్ళు నమిలి, ఆ మాట పదిమందిలో అనొద్దని బతిమాలుకున్నాడు.

జైల్లో అత్తయ్యకు లెక్కలమ్మ అని పేరు. ఖైదీలు పెట్టిన పేరది. రాత్రి తొమ్మిదికి ఒకసారి, తెల్లవారుజామున నాలుగింటికి ఒకసారి ప్రతి గది ముందూ నిలబడి "ఎంతమంది?" అని అడిగేది. లోపలున్నవాళ్ళు సంఖ్య చెప్పాలి. ఎదురుగా కనిపిస్తున్నా సరే చెప్పాల్సిందే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరో దుప్పటి కింద బట్టల మూట పెట్టి ఆవిడ కళ్ళు కప్పారు. అప్పట్నుంచి గొంతు వింటేనే మనిషి ఉన్నట్టు లెక్క.

అక్కడ తల్లులతోపాటు పిల్లలూ ఉండేవారు. ఆరేళ్ళు నిండేదాకా ఉండనిచ్చేవారు. కానీ రిజిస్టరులో పిల్లలకు గడి లేదు. శిక్ష పడనివాళ్ళను ఖైదీల్లో ఎలా రాస్తారు? మాట సబబుగానే ఉంది. అయితే రాత్రిపూట నిప్పంటుకుంటే ఎంతమందిని బయటికి లాగాలో ఎలా తెలుస్తుందన్న బెంగ మా అత్తయ్యకు పట్టుకుంది. తనే ఒక పద్ధతి పెట్టింది. పిల్ల ఉన్న తల్లి తన సంఖ్యకు అర కలిపి చెప్పాలి. గదిలో తల్లీ పిల్లా మాత్రమే ఉంటే "ఒకటిన్నర" అనాలి. అలా వార్డు మొత్తం కలిపితే ఏ ఇరవైన్నరో తేలేది. డ్యూటీ దిగేటప్పుడు తర్వాతి వార్డరుకు ఇరవైన్నర అనే అప్పజెప్పేది. సూపరింటెండెంటు విని నవ్వి, ఆ అరలు నోటితో ఉండనీ గానీ రాతలో కనబడకూడదన్నాడట.

ఉద్యోగం చేసేటప్పుడూ ఆవిడ మాతోనే ఉండేది, ఇంట్లోనూ అదే గోల. భోజనాలకు కూర్చునే ముందు ఆవిడ లెక్కపెట్టాలి. నాకు పద్నాలుగేళ్ళు వచ్చేదాకా నేను అరనే. నాకంటే ముందు నా తమ్ముణ్ణి ఒకటి చేసింది, వాడు పొడుగు కదా అని. ఆ కోపం నాకింకా ఉంది.

అత్తయ్య గొప్పగా చెప్పుకునే సంగతి మరొకటుంది. ఆరేళ్ళు నిండిన పిల్లను తల్లి నుంచి విడదీసి పిల్లల హోముకు అప్పజెప్పడమంటే వార్డర్లందరికీ గుండెల్లో రాయి పడేది. తల్లి తలుపు ఊచలు పట్టుకుని వదిలేది కాదు, పిల్ల నేలమీద పడి దొర్లేది, వార్డు వార్డంతా ఏడ్చేది. ఆ పని మా అత్తయ్య చేతికి వచ్చాక ఒక్క ఏడుపు వినపడలేదు. మధ్యాహ్నం రెండింటికి తల్లులు బట్టలుతికే షెడ్డులో ఉంటారు, పిల్లలు నిద్రపోతుంటారు. ఆ వేళ చూసి పిల్లను లేపి, మొహం కడిగి, చేతికి బిస్కెట్టిచ్చి, వేలు పట్టుకుని గేటుదాకా నడిపించేది. సాయంత్రం తల్లి తిరిగొచ్చేసరికి అంతా అయిపోయి ఉండేది. పిల్లలు నవ్వుతూ వెళ్ళేవారని మాకు అన్నం వడ్డిస్తూ చెప్పేది. చిన్నప్పట్నుంచి వందసార్లు విన్నాను. విన్న ప్రతిసారీ మా అత్తయ్య ఎంత తెలివైనదో అనుకున్నాను. సాయంత్రం వచ్చిన తల్లి ఏం చేసేదని నేనెప్పుడూ అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

మొన్న చలికాలంలో ఒక శనివారం అత్తయ్యకు మోకాలు వాచింది. వెళ్ళొద్దంటే వినే మనిషి కాదు, పట్టిన పట్టు వదలదు. చేసేదిలేక రెండో తాళాల గుత్తి, టీ ఫ్లాస్కు పట్టుకుని నేనూ వెంట వెళ్ళాను. ఆ రాత్రి పన్నెండుమంది వచ్చారు. కాలేజీ కుర్రాళ్ళు అయిదుగురు, కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి, పందెం కట్టి వచ్చిన ఇద్దరు బావమరుదులు, ఒక ముసలి దంపతులు, ఒంటరిగా వచ్చిన ఒకావిడ. అత్తయ్య గేటు దగ్గర బల్ల వేసుకుని, ఒక్కొక్కరినీ వేలితో చూపిస్తూ లెక్కపెట్టి, "లోపలికి పన్నెండు" అని రిజిస్టరులో రాసుకుంది. కంపెనీకి ఆ రిజిస్టరు అక్కర్లేదు. అత్తయ్యకు కావాలి.

ఒంటరిగా వచ్చినావిడ బిళ్ళ మీద తొమ్మిది ఉంది. నలభై ఏళ్ళుంటాయి. అందరూ గోడల ముందు నిలబడి ఫోటోలు దిగుతుంటే ఆవిడ చేతులు కట్టుకుని చూస్తోంది. ముసలాయన కళ్ళజోడు మరమేకు ఊడిపోయి ఆయన కంగారుపడుతుంటే, తన సంచీలోంచి అగ్గిపుల్లంత స్క్రూడ్రైవరు తీసి అరనిమిషంలో బిగించి ఇచ్చింది. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగించడమే తన పనని చెప్పింది. అంతకుమించి ఎవరితోనూ మాట్లాడలేదు.

మగవాళ్ళ బ్లాకు, ఉరికంబం గది అయ్యాక పదిన్నరకు ఆడవాళ్ళ వార్డుకు వచ్చాం. అక్కడ పొడవాటి వరండా ఉంది. గోడకు కింద సగం ఆకుపచ్చ రంగు, పైసగం తెల్ల సున్నం, రెండిటి మధ్యా నల్లటి గీత. గీత పెద్దవాళ్ళ నడుం ఎత్తులో ఉంటుంది. అందరూ టార్చీలు పైకప్పుకేసి వేసి చూస్తున్నారు. తొమ్మిదో నంబరావిడ ఒక్కతే కొంచెం వంగి, ఆ గీత మీద చూపుడువేలు ఆనించి, దాన్ని రాసుకుంటూ నడుస్తోంది. తను ఏం చేస్తోందో తనకే తెలిసినట్టు లేదు.

అత్తయ్య చేతిలో తాళాల చప్పుడు ఆగిపోయింది. నా మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగి, ఆ గీత మీద వేలు పెట్టి నడిచే పిల్ల ఈ వార్డులో ఒక్కర్తే ఉండేదని చెవిలో చెప్పింది. ఏడో గది పిల్ల. దాని తల్లి తన మొగుణ్ణి రోకలితో ఒక్క దెబ్బ కొట్టింది, అతను మళ్ళీ లేవలేదు. జైలుకు వచ్చేనాటికి కడుపుతో ఉంది. పిల్ల ఇక్కడే పుట్టింది, ఇక్కడే నడక నేర్చింది. ఆరేళ్ళు నిండకముందు కుక్కను గానీ సైకిలును గానీ చూసి ఎరగదు. ముప్పై అయిదేళ్ళ కిందట అత్తయ్యే దాన్ని హోముకు అప్పజెప్పింది. ఆ తర్వాత పద్నాలుగు నెలలకు తల్లి ఊపిరితిత్తుల జబ్బుతో జైలు ఆసుపత్రిలో పోయింది. ఇన్నాళ్ళ తర్వాత ఎలా గుర్తుపట్టావని నేను నమ్మనట్టు అడిగాను. మనుషుల్ని గుర్తుపెట్టుకోవడం తప్ప తనకింకేం వచ్చని విసుక్కుంది.

ఈలోపు టోపీ ఏడో గది ముందు నిలబడి గొంతు తగ్గించి కథ మొదలుపెట్టాడు. ఈ గదిలో ఒక ఖైదీ తన కన్నకూతురినే గొంతు నులిమి చంపిందట. తెల్లబట్టలతో ఇప్పటికీ పిల్లను వెతుక్కుంటూ ఏడుస్తుందట. ఆ వార్డులో ఏ పిల్లా చావలేదని అత్తయ్య అతనికి అప్పటికే మూడుసార్లు చెప్పింది. కథే కదమ్మా, ఎవరికేం నష్టం అన్నాడట. నేను తొమ్మిదో నంబరావిడను చూస్తూ ఉన్నాను. కళ్ళజోడు తీసింది, చొక్కా అంచుతో తుడిచింది, మళ్ళీ పెట్టుకుంది.

పన్నెండింటికి పాత గార్డు గదిలో టీ ఇచ్చారు. నేను కావాలనే ఆవిడ పక్కన కూర్చున్నాను. కౌంటరు మనిషిని కదా, ఎదుటివాళ్ళ నోట్లోంచి మాట రప్పించడం నాకు అలవాటే. దయ్యాలంటే నమ్మకమా అని అడిగాను. లేదంది. మరి ఎందుకొచ్చారన్నాను. ఆవిడ సంచీలోంచి నాలుగు మడతల కాగితం ఒకటి తీసి నా ముందు పరిచింది. రెండేళ్ళ కిందట హోము మూసేస్తూ తన ఫైలు తనకిచ్చేశారట. అందులోదే ఆ కాగితం నకలు. నా బిడ్డను నా ఇష్టప్రకారం, ఎవరి బలవంతమూ లేకుండా అప్పగిస్తున్నాను అని ఉంది. కింద వేలిముద్ర.

"మా అమ్మ నన్ను చూడ్డానికి కూడా రాలేదండీ ఆ రోజు. వెళ్ళిరా అని కూడా అనలేదు. ఎందుకో ఇంకెవర్ని అడగాలో తెలీలేదు. చచ్చిపోయినవాళ్ళని అడగడానికి ఇక్కడొక్కచోటే టిక్కెట్టిస్తున్నారు" అంది. నవ్వుతూనే అని, కాగితం మళ్ళీ నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకుంది.

నేను బయటికొచ్చి అత్తయ్యకు ఆ కాగితం సంగతి చెప్పాను. ఆవిడ గుత్తిలో తాళంచెవులు ఒక్కొక్కటే లెక్కపెట్టింది. తర్వాత, అది పాల కాగితం అంది. నాకు అర్థం కాలేదు. అప్పుడు మెల్లగా చెప్పింది. తల్లి వేలిముద్ర లేనిదే హోము పిల్లను తీసుకోదు. అడిగితే ఏ తల్లీ వెయ్యదు. అందుకని వారం ముందే, పిల్లల పాలకోసం అని చెప్పి మిగతా కాగితాల మధ్య పెట్టి వేయించేది. చదువు రానివాళ్ళు కదా, పాలంటే గబగబా వేసేవారు. వందసార్లు విన్న కథలో ఈ ముక్క నాకెప్పుడూ చెప్పలేదు.

"వెళ్ళి చెప్పు" అన్నాను.

"చెబితే ఏమొస్తుందే? తెల్లారితే దాని దారిన అది వెళ్ళిపోతుంది."

"అదే నేనూ అంటున్నాను. తెల్లారితే వెళ్ళిపోతుంది."

ఆవిడ మొహం పక్కకు తిప్పుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నేనే వెళ్ళి చెప్పేద్దామని రెండడుగులు వేసి ఆగాను. నేను చెబితే తొమ్మిదో నంబరావిడ ఎందుకు నమ్మాలి? నేను అక్కడ ఉన్నదాన్ని కాదు. ఆ రోజుకు నాకు పదేళ్ళు, ఇంట్లో అరగా లెక్కకొస్తూ అన్నం తింటున్నాను.

రెండింటికి టోపీ అందరినీ మళ్ళీ ఏడో గదికి తీసుకొచ్చాడు. కంపెనీ టిక్కెట్టులో అసలు ఆకర్షణ ఇదే. దీపాలన్నీ ఆర్పేస్తారు. ఒక్కొక్కరూ చీకట్లోకి ఒక ప్రశ్న అడగాలి. తర్వాత నిమిషంపాటు ఎవరూ నోరు మెదపకూడదు. దయ్యం జవాబు చెబితే రికార్డరులో పడుతుంది. పనివాళ్ళు దగ్గకూడదు, కదలకూడదు. అత్తయ్యను వరండా చివర స్టూలు మీద కూర్చోబెట్టారు, నేను ఆవిడ వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను.

కుర్రాళ్ళు నీ పేరేంటి, నీ వయసెంత అని అడిగి నవ్వు ఆపుకున్నారు. కొత్త పెళ్ళికొడుకు నువ్వు సంతోషంగా ఉన్నావా అని అడిగాడు. పెళ్ళాం గిల్లినట్టుంది, మూలిగాడు. ప్రతి ప్రశ్న తర్వాతా నిమిషం చొప్పున చీకటి, పైన పావురాల కదలిక, అంతే. తర్వాత తొమ్మిదో నంబరావిడ వంతు వచ్చింది. ఆవిడ గొంతు మామూలుగానే ఉంది, షాపులో ఎవరినో అడిగినట్టే అడిగింది.

"అమ్మా, నన్నెందుకు ఇచ్చేశావు?"

నిమిషం మొదలైంది. నాకు అత్తయ్య ఊపిరి వినిపిస్తోంది. నేను మనసులో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ముప్పై, నలభై, యాభై. ఈవిడ చెప్పదు అనుకున్నాను. ఆ క్షణాన మా అత్తయ్య అంటే నాకు అసహ్యం వేసింది. అంతవరకు ఎన్నడూ అలా అనిపించలేదు.

"ఆమె ఇవ్వలేదు."

ఎవరో కెవ్వుమన్నారు. ఇంకెవరిదో టార్చి కిందపడి దొర్లింది. సరిగ్గా అప్పుడే వెనక మోటారు వేశారో ఏమో, పెట్టె మీద నీలం దీపం వెలిగింది. ఆ వెలుగులో అత్తయ్య స్టూలు మీంచి లేచి గోడ పట్టుకుని నడుస్తూ కనిపించింది. టోపీ ష్ ష్ అంటున్నాడు. ఆవిడ చెవిన వేసుకోలేదు.

"ఆమె ఇవ్వలేదమ్మా. నేను తీసుకెళ్ళాను. ఆ కాగితం పాలకోసమని చెప్పి నేనే వేలిముద్ర వేయించుకున్నాను. ఆమెకి చదువు రాదు."

ఇక్కడొక మాట చెప్పాలి. ఆ రికార్డింగులో మొదటి రెండు మాటలూ కంపెనీవాళ్ళు కత్తిరించి, ఏడో గది ఆత్మ గొంతు అని ప్రకటనలో పెట్టుకున్నారు. ఇప్పటికీ ఉంది. పోట్లాడదామని నేనంటే అత్తయ్య వద్దంది. ఆ మాట పదిమందీ వింటే మంచిదేనంది.

టోపీ మిగతావాళ్ళను గార్డు గదికి తోలుకుపోయాడు. ఏడో గది ముందు మేం ముగ్గురమే మిగిలాం. నేను లాంతరు పట్టుకున్నాను. తొమ్మిదో నంబరావిడ ఏడవలేదు, అరవలేదు. ఒక్కొక్కటే అడిగింది. ఎన్ని గంటలకు తీసుకెళ్ళారు? రెండింటికి. అప్పుడు అమ్మ ఎక్కడుంది? షెడ్డులో, దుప్పట్లు ఉతుకుతోంది. అమ్మకు ఎవరు చెప్పారు? నేనే, సాయంత్రం అయిదింటికి. అత్తయ్య పెద్ద ఆఫీసరు ముందు నిలబడినట్టు చేతులు కిందికి వదిలి జవాబులిచ్చింది.

"నేను గేటు బయట కుక్కని చూసి నవ్వాను. అదొక్కటే గుర్తుంది నాకు. అమ్మ ఎక్కడో నిలబడి చూసిందనుకున్నాను. నవ్వుతూ పోతోందే అనుకుని ఉంటుందని, ఇన్నాళ్ళూ..." అని తొమ్మిదో నంబరావిడ ఆగిపోయింది.

"చూడలేదమ్మా. నవ్వుతూ వెళ్ళిందని నేనే చెప్పాను."

"ఏమంది?"

"అన్నం తిని వెళ్ళిందా అని అడిగింది. తిందన్నాను."

లాంతరు బరువుగా అనిపించి నేను చెయ్యి మార్చుకున్నాను. తర్వాతి మాట ఎవరూ అడగకుండానే అత్తయ్య చెప్పింది.

"ఆ రాత్రి లెక్కకొచ్చి ఎంతమంది అన్నాను. ఒకటిన్నర అంది. ఒకటే కదా అన్నాను. ఒకటిన్నర అంది. పోయేదాకా రోజుకి రెండుసార్లు అదే చెప్పింది. నేను ఒకటి అని రాసుకున్నాను."

ఆ అర ఏంటని తొమ్మిదో నంబరావిడ అడిగింది. అర అంటే నువ్వేనని అత్తయ్య చెప్పింది. ఆవిడ గది లోపలికి వెళ్ళి, మూలగా ఉన్న సిమెంటు దిమ్మ మీద కూర్చుంది. అక్కడి నుంచే, "మీరు తప్పు చేశారు" అంది. గొంతులో కోపం లేదు, దయ కూడా లేదు.

"చేశాను. ఏడుపులు లేకుండా చేస్తున్నాననుకున్నాను" అంది అత్తయ్య.

తెల్లవారింది. గేటు దగ్గర అత్తయ్య బల్ల వేసుకుని కూర్చుంది. ఒక్కొక్కరూ బిళ్ళ తీసి ఇచ్చి వెళ్ళిపోతున్నారు. కాలేజీ కుర్రాళ్ళు, జంట, బావమరుదులు, ముసలి దంపతులు. పదకొండు. తొమ్మిదో నంబరావిడ గేటు లోపలే నిలబడింది. బిళ్ళ తియ్యలేదు.

"ఆ రోజు నన్ను ఏ దారిన తీసుకొచ్చారో అదే దారిన వెనక్కి తీసుకెళ్ళండి. షెడ్డుదాకా" అంది.

అత్తయ్య కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. మోకాలు వాచి ఉంది, రాత్రంతా నిద్రలేదు. నేను పట్టుకోబోతే వద్దంది. గేటు నుంచి మొదలుపెట్టి, పాత వంటశాల పక్కగా, నల్లగీత వరండా మీదుగా, వార్డు వెనక తలుపుదాకా నడిచాం. ముందు అత్తయ్య, వెనక ఆవిడ, చివర నేను. వరండాలో మళ్ళీ ఆవిడ వేలు గీత మీదికి వెళ్ళింది. ఈసారి తెలిసే పెట్టింది. వెనక తలుపు దగ్గర మూడు మెట్లున్నాయి. రెండో మెట్టు మీద అత్తయ్య తూలింది. ఆవిడ చప్పున మోచెయ్యి పట్టుకుని దించింది, దించగానే వదిలేసింది.

షెడ్డు తాళం తుప్పుపట్టింది. అత్తయ్య దాన్ని పైకెత్తి, తలుపును మోకాలితో నెట్టింది. నొప్పికి పళ్ళు కరుచుకుంది గానీ తాళం వచ్చింది. లోపల రెండు వరసల్లో పన్నెండు సిమెంటు తొట్లున్నాయి. నీళ్ళు లేక ఎన్నేళ్ళయిందో, అడుగున పావురాల ఈకలు, పైన సాలెగూళ్ళు. ఏ తొట్టి అని ఆవిడ అడిగింది. కిటికీ నుంచి మూడోదని అత్తయ్య చెప్పింది.

ఆవిడ వెళ్ళి ఆ తొట్టి ముందు నిలబడింది. దుప్పట్లు బాదిబాది అంచు అరిగిపోయి ఉంది. ఆ అరిగినచోట చెయ్యి వేసింది. బట్టలుతికే మనిషికి పిల్ల చెబుతున్నట్టు, మెల్లగా, తొందరేమీ లేకుండా చెప్పింది.

"అమ్మా, నేను వెళ్ళొస్తాను. అన్నం తిన్నాను."

అంతే. కంపెనీవాళ్ళలా జవాబుకోసం నిమిషం ఆగలేదు. వెనక్కి తిరిగి మమ్మల్ని దాటుకుని బయటికి నడిచింది.

మా అత్తయ్య తలుపు పట్టుకుని ఏడ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు, గొంతు తగ్గించుకోలేదు. పిల్లల పని ఆవిడ చేతికి వచ్చాక ఆ జైల్లో ఎవరికీ వినపడని ఏడుపు అది. ఖాళీ షెడ్డులో తొట్టితొట్టికీ తగిలి తిరిగొచ్చింది. ఆవిణ్ణి అలా ఏడవనిచ్చి నేను గేటు దగ్గరికి వెళ్ళాను. తొమ్మిదో నంబరావిడ బిళ్ళ తీసి బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయింది. టైర్ల దుకాణం ముందు నుంచి నడిచిపోతూ కనిపించింది. అత్తయ్య వచ్చేలా లేదు కాబట్టి, రిజిస్టరులో "బయటికి పన్నెండు" అని నేనే రాసి గేటు మూశాను.